సందీప్‌కు పెదనాన్న ఉత్తరం

చిరంజీవి సందీప్‌కు ఆశీస్సులు.

వైన్ ద్రాక్ష వేయడానికి నాసిక్ దగ్గర దిండోరిలో ఐదెకరాలు కౌలుకు మాట్లాడావని మీ అమ్మ ఫోన్ చేసింది. "ఉద్యోగం మానేసి సారా కాస్తాడట బావగారూ" అని ఒకటే గోల. శామీర్‌పేటలో మన అనాబ్-ఎ-షాహీ పందిళ్లు ప్లాట్లయిపోయాక మనింట్లో ఇక ఎవరూ ద్రాక్ష జోలికి పోరనుకున్నా. లోపల మురిసిపోయాన్లే. అయినా తిట్టాల్సినవి తిడతాను.

సేద్యం అక్కడి రైతులే నేర్పుతారు. ఆ వేడికి తీగ నిద్రపోదు కాబట్టి ఏప్రిల్‌లో కాయ కాసే కొత్త కొమ్మల కోసం, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరుల్లో కాయ కోసం కత్తిరిస్తారు. కోత మాత్రం జనవరి నుంచి మార్చి లోపు ఒక్కటే. కత్తిరించాక వాన పడితే బూజు తెగులు వస్తుంది, కాచుకో.

నా భయమల్లా ఒప్పంద కాగితం గురించి. 2000లో నాసిక్‌లో సూలా కంపెనీ వైన్ బయటికొచ్చింది, మరుసటేడు మహారాష్ట్ర సర్కారు రాయితీల విధానం తెచ్చింది, ఇక ఊరూరా వైన్ ద్రాక్షే. మీ నాన్న అక్కడ నాలుగెకరాల్లో షిరాజ్ అనే వైన్ ద్రాక్ష వేశాడు. "ఎంత పండినా మేమే కొంటాం" అని వైన్ తయారుచేసే ఒక వైనరీ మనిషి నోటిమాటగా అన్నాడు. మీ నాన్నకు అంతే చాలు. 2008లో మాంద్యం, ఆపైన ముంబై దాడులు. హోటళ్లు వెలవెలబోయాయి, ట్యాంకుల్లో పాత సరుకు అలాగే ఉండిపోయింది. ఆ తర్వాతి కోతకు నేనూ వెళ్లాను. కాయ చిదిమి, తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద చుక్క వేసి వెలుగుకు పెడితే నీలం గీత 24 దగ్గర ఆగింది. అదే అదను. వైనరీకి ఫోన్ చేస్తే "ఇంకో రెండ్రోజులు" అన్నారు. ఆ ఎండలో ఆగితే తీపి పెరుగుతుంది, పులుపు పడిపోతుంది, వైన్ చప్పబడుతుంది. కాయలు ముడతలు పడ్డాయి గానీ లారీ రాలేదు. మండీకి తీసుకెళితే బఠాణీ అంత కాయ, మందం తోలు, నిండా గింజలు, ఎవడు తింటాడు? కిస్‌మిస్‌కూ పనికిరాదు. మీ నాన్న ఆ ఏడే తీగలు నరికించాడు. నీ స్కూలు ఫీజు ఆలస్యమైంది అప్పుడే. వాడుంటే ఈ ఉత్తరం వాడే రాసేవాడు, ఇంతకంటే మెత్తగా.

అందుకే ధర, తీపి, పులుపు ఎంతుండాలో, కబురు పెట్టాక ఎన్ని రోజుల్లో ఎత్తాలో, ఎత్తకపోతే నష్టం ఎవరిదో, అన్నీ రాయించుకో. ఆ చుట్టుపక్కల కుటుంబ వైనరీలున్నాయి. యజమాని తానే తోటలోకొచ్చి కాయ నమిలి చూసే చోటైతే కిలోకు రూపాయి తగ్గినా సరే, అక్కడికే ఇవ్వు. కోత ఎండెక్కకముందే ముగించాలి.

రేపు సొంత ట్యాంకు పెడితే ఒక్కమాట. రసం పులిసేటప్పుడు బొగ్గుపులుసు వాయువు అడుగున పేరుకుంటుంది. కంటికి కనబడదు, నిమిషాల్లో మనిషిని తీస్తుంది. దీపం పెట్టి చూడటాలు నమ్మకు, గ్యాస్ మీటరు కొను. బయట మనిషి లేకుండా తల లోపల పెట్టావని తెలిసిందా, ఈ వయసులోనూ వచ్చి చెంప పగలగొడతా.

ఒప్పందం చిత్తుప్రతి వాట్సాప్‌లో పంపు, చదివి చెబుతాను. అప్పటిదాకా సంతకం పెట్టకు.

మీ పెదనాన్న