టీంకి సెంటర్ కావాలా, బాల్ పైకి తెచ్చేవాడు కావాలా?

మా కాలేజీ బాస్కెట్‌బాల్ టీంలో సీనియర్లు వెళ్లిపోయారు, ఈ ఏడు ఒక్క మంచి ప్లేయర్‌ని తీసుకునే వీలుంది, ఏ పొజిషన్‌కి తీసుకోవాలి అని మీరడిగారు. పాయింట్ గార్డ్, అంటే బాల్‌ని నేలకి కొడుతూ (డ్రిబుల్ చేస్తూ) అవతలి సగానికి తీసుకెళ్లేవాడు. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

మీ పీడీ సార్ సెంటర్, అంటే రింగ్ దగ్గర ఆడే పొడుగాయన, అనే అంటారు, రాసిస్తా. మన దగ్గర ఆరడుగులు దాటిన పిలగాడు కనబడితే చాలు, ఆట వస్తుందో రాదో కూడా చూడకుండా జెర్సీ చేతిలో పెడతారు. మన దేశపు ఆటగాడు సత్నాం సింగ్‌ని 2015లో అమెరికా లీగ్ ఎన్‌బీఏలోని డల్లాస్ మావెరిక్స్ టీం డ్రాఫ్ట్‌లో (టీంలు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట) తీసుకున్నప్పటి నుంచి ఈ పిచ్చి ఇంకా ముదిరింది. ఏడడుగుల రెండంగుళాల ఆ మనిషికి ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం రాలేదన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

నేను నల్లగొండలో డిగ్రీ చదివేటప్పుడు మా టీంకీ ఇట్లాగే ఒక పొడుగాయన దొరికాడు. మహబూబ్‌నగర్‌లో టోర్నమెంట్. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా బస్సులో పోతుంటే సీట్లో కాళ్లు పట్టక, దారి పొడవునా కండక్టర్‌తో తిట్లు తిన్నాడు పాపం. మొదటి సగం మాదే. రింగ్ దగ్గర బాల్ ఎటు ఎగిరినా వాడి చేతిలోనే పడింది. మూడో క్వార్టర్‌లో మా గార్డ్‌కి ఐదో ఫౌల్ పడి బయటికొచ్చాడు. డ్రిబుల్ సరిగా వచ్చినవాడు టీం మొత్తంలో వాడొక్కడే! అవతలివాళ్లకి అర్థమైపోయింది. బాల్ లోపలికి వేసిన దగ్గర్నుంచే మీద పడ్డారు. ఎనిమిది సెకన్లలో సగం గీత దాటాలి కదా, మేం దాటలేదు. విజిల్. మళ్లీ విజిల్. భయంతో గుడ్డిగా పాస్ వేస్తే, నా భుజం దాకా కూడా రాని వాళ్ల గార్డ్ ఎగరేసుకుపోయాడు. మా సెంటర్ మాత్రం ఆ చివర రెండు చేతులెత్తి "ఇటెయ్ రా, ఇటెయ్" అని అరుస్తనే ఉన్నాడు. బావి నిండా నీళ్లున్నా చేద లేకపోతే ఏం లాభం? చిత్తుగా ఓడాం.

పెద్ద లీగుల్లోనూ ఇదే కథ. ఎన్‌బీఏ టీం ఫీనిక్స్ సన్స్ 2003-04లో గెలిచింది 29 మ్యాచులు. పాయింట్ గార్డ్ స్టీవ్ నాష్ వచ్చాడు, తర్వాతి సీజన్‌లో 62. వేరే కారణాలూ ఉన్నాయంటారు, నేనొప్పుకోను.

నా మాట మీద నమ్మకం లేకపోతే, మీ మ్యాచ్ జరిగేటప్పుడు ఒకరిని నోట్‌బుక్ పట్టుకొని కూర్చోబెట్టండి. బాల్ ఎక్కడ పోగొట్టుకుంటున్నారో రాయమనండి. సగం గీత దాటకముందే పోతుంటే గార్డ్ కావాలి. షాట్ మిస్సయ్యాక ప్రతిసారీ అవతలివాళ్లే అందుకుంటుంటే, సరే, సెంటర్‌నే తీసుకోండి.

అసలు మన జిల్లాల్లో గార్డ్‌లు ఎందుకు తయారుకారు? కోర్టులు చూడండి. సిమెంట్ పగిలి గుంతలు. బాల్ కొడితే ఎటు లేస్తుందో దేవుడికెరుక. పొద్దున వాకింగ్ వాళ్లు, సాయంత్రం బైకుల పార్కింగ్. పిల్లలు రింగ్ కింద నిలబడి షాట్లు వేసుకుంటారు తప్ప డ్రిబుల్ ఎక్కడ నేర్చుకోవాలి?

అందుకే నా సలహా, కొత్తవాణ్ణి బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లలోనే వెతక్కండి. మీ కాలేజీ కబడ్డీ టీంకి పోయి మంచి రైడర్‌ని అడగండి. నడుం వంచి ఉండటం, ఒక్క అడుగులో దిశ మార్చడం, ముగ్గురు మీద పడుతున్నా టెన్షన్ పడకపోవడం వాడికి ముందే వచ్చి ఉంటాయి. డ్రిబుల్ మీరు నేర్పించుకోవచ్చు. కబడ్డీ కోచ్ ఒప్పుకుంటాడా అంటే, అది మీరూ మీరూ చూసుకోండి.