పోశ్చర్ బెల్ట్ పెట్టుకుంటే ముందుకి వంగిన భుజాలు సరవుతాయా, లేక ఎక్సర్‌సైజులే చేయాలా?

రెండూ వాడాను కాబట్టి చెప్తున్నానండి. బెల్ట్ వేస్ట్ అని చాలామంది కొట్టిపడేస్తారు, నేనలా అనను, కాకపోతే దాని పని గుర్తుచేయడం వరకే. మనం వంగగానే చంకల దగ్గర పట్టీ బిగుసుకుంటుంది, ఓహో మళ్ళీ వంగానన్నమాట అని తెలుస్తుంది. తీసేశామా, భుజాలు యథాస్థానం. నిలబెట్టే పని బెల్టే చేస్తుంటే వీపు కండరాలకి ఇంక పనేముంది, బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే నేను కూర్చుని పని చేసేటప్పుడు ఓ 20 నిమిషాలో అరగంటో పెట్టుకుని తీసేసేవాణ్ణి, అదీ వదులుగా. చేతులు తిమ్మిరెక్కుతున్నాయంటే మరీ బిగించేశారని అర్థం.

నాకు నిజంగా తేడా తెలిసింది మాత్రం రబ్బరు బ్యాండుతో చేసే రోయింగ్ వల్ల. బ్యాండుని ఊడిరాని గట్టి దానికి కట్టండి (ఊడితే నేరుగా మొహానికే తగుల్తుంది), రెండు చివర్లూ పట్టుకుని మోచేతులు పక్కటెముకల్ని రాసుకుంటూ వెళ్ళేలా వెనక్కి లాగి, వీపు రెక్కలు రెండూ దగ్గరికి నొక్కి ఒక్క క్షణం ఆగి, మెల్లగా వదలాలి. భుజాలు చెవులవైపు లేస్తున్నాయా, అయితే వీపు పని చేయట్లేదు, మెడే లాగేస్తోంది, ఇంకా పల్చటి బ్యాండు తీసుకోండి. 10-12 సార్ల చొప్పున 3 సెట్లు, రోజు విడిచి రోజు. బోర్ కొడుతుంది, మొదటి రెండు మూడు వారాలు ఏమీ కనబడదు, చాలామంది మానేసేది అక్కడే. కండరం బలపడ్డానికి 6-8 వారాలన్నా టైమివ్వాలి.

దాంతోపాటు చిన్ టక్. అంటే గడ్డం కిందికి దించడం కాదు, చూపు ఎదురుగానే ఉంచి తలని వెనక్కి జరపడం, డబుల్ చిన్ వచ్చేలా, 5 సెకన్లు. చూసేవాళ్ళకి నవ్వొస్తుంది, ఎవరూ లేనప్పుడు చేసుకోండి. ఛాతీ బిగుసుకుపోయినట్టుంటే గుమ్మంలో నిలబడి ముంజేతులు రెండు పక్కలా ఆనించి ఒక అడుగు ముందుకేసి 30 సెకన్లు ఆగండి.

కూర్చునే తీరు మారకపోతే ఇవన్నీ సగం దండగే. తల బరువే దాదాపు 5 కిలోలుంటుంది, అది ముందుకి వాలేకొద్దీ మెడ వెనక కండరాలు లాగి పట్టుకోవాలి మరి. స్క్రీన్ పై అంచు కళ్ళ ఎత్తుకి వచ్చేలా కింద పుస్తకాలు పేర్చండి, లాప్‌టాప్ అయితే కీబోర్డు విడిగా పెట్టుకోండి. నడుము వెనకాల టవల్‌ని చుట్టగా చుట్టి పెట్టుకుంటే చాలు, ఖరీదైన కుషన్ అక్కర్లేదు. ఎంత నిటారుగా కూర్చున్నా గంటల తరబడి కదలకపోతే పట్టేస్తుంది, అరగంటకోసారి లేవండి.

ఇంకోటి, మొదలుపెట్టే ముందు దిండు లేకుండా నేలమీద వెల్లకిలా పడుకుని చూడండి. వంపు తగ్గి తల హాయిగా నేలకి ఆనితే చాలావరకు అలవాటు వల్ల వచ్చిందే. ఎంత వదులుగా పడుకున్నా ఆనకపోతే మాత్రం ఒకసారి చూపించుకోవాలి, ఎందుకంటే టీనేజ్‌లో వచ్చే షూయర్‌మన్ కైఫోసిస్ (వీపు గూనిలా వంగిపోయే సమస్య) లాంటి వాటిలో వెన్నుపూసల ఆకారమే మారుతుంది, ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది. పొద్దున లేవగానే అరగంటకి పైగా నడుం బిగుసుకుపోయి, తిరిగితే తగ్గి, రెస్ట్ తీసుకుంటే పెరిగే నొప్పి అయితే రుమటాలజిస్ట్ (కీళ్ళవాతం చూసే డాక్టర్) దగ్గరికి వెళ్ళండి. బెల్ట్ లేనప్పుడు కూడా చేతిలోకి తిమ్మిరి దిగుతున్నా, పట్టు తగ్గి వస్తువులు జారిపోతున్నా పైన చెప్పినవన్నీ ఆపేసి ముందు డాక్టర్‌కి చూపించండి.