కరెంటు పెట్టిస్తే నాన్న లేస్తారా అని అడిగారు, ముందు ఒక అద్దం తీసుకోండి

మీ ప్రశ్న చదువుతుంటే మూడేళ్ళ కిందటి మా ఇల్లే కళ్ళ ముందు కనబడింది. నాన్నగారికి బండి యాక్సిడెంటై ఐదు నెలలు, కళ్ళు తెరుస్తున్నారు గానీ పిలిస్తే పలకడం లేదు, మెదడుకి కరెంటు పెట్టే బ్రెయిన్ స్టిమ్యులేషన్ ప్యాకేజీ ఆరు లక్షలంటున్నారు, ఉన్న అరెకరం బేరం పెట్టమంటారా అని కదా అడిగారు. పొలం జోలికి ఇప్పుడే వెళ్ళకండి. నేను డాక్టర్ని కాదు. తమ్ముడి కోసం గొంతులో కఫం లాగే సక్షన్ పెట్టడం, ముక్కు గుండా కడుపులోకి వేసే రైల్స్ ట్యూబులో జావ పోయడం నేర్చుకున్న అక్కని, అంతే.

చుట్టాలంతా కోమా అనే అంటారు. కళ్ళు తెరిచారంటే అది కోమా దాటినట్టే. ఆ తర్వాత రెండు రకాలు. మెలకువ ఉండి ఎరుక ఏమీ కనబడకపోతే వెజిటేటివ్ స్టేట్ అంటారు. ఎరుక కాసేపు వచ్చి కాసేపు పోతుంటే మినిమల్లీ కాన్షస్ అంటారు. మా తమ్ముడి డిశ్చార్జ్ కాగితంలో మొదటిదే రాశారు. అమ్మ మాత్రం "వాడు నన్ను చూస్తున్నాడే" అంటూనే ఉండేది. రౌండ్స్‌కొచ్చిన డాక్టరుగారు రెండు నిమిషాలు నిలబడి, "తల్లివి కదమ్మా, అలాగే అనిపిస్తుంది" అన్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ ఆయన మాటే నమ్మాను.

ఇంటికొచ్చే ఫిజియో కుర్రాడు ఒకరోజు "అద్దం ఉందా అక్కా" అన్నాడు. అమ్మ బొట్టుపెట్టెలో అద్దం తెచ్చిచ్చింది. తమ్ముడి మొహం వాడికే కనబడేలా పట్టుకుని మెల్లగా కుడికి జరిపాడు. కళ్ళు వెంట వెళ్ళాయి. ఎడమకి జరిపాడు. మళ్ళీ వెళ్ళాయి. అంతకుముందు నేను ఎన్నిసార్లు వేలు ఆడించినా కదలని కళ్ళు! అలా వెంట చూడటం ఎరుక ఉందనడానికి ఒక గుర్తు. మనిషి చూపు అన్నిటికంటే తన మొహం వెంటే ఎక్కువగా పోతుందట, అందుకే ఈ పరీక్షకి అద్దమే వాడాలంటారు. అమ్మ ఏమీ అనలేదు, నా వైపు ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2009లో బెల్జియం పరిశోధకులు వెజిటేటివ్ అని తేల్చేసిన 44 మందిని మళ్ళీ పరీక్షిస్తే, వాళ్ళలో 18 మందికి ఎంతో కొంత ఎరుక ఉందని బయటపడింది. వాళ్ళు వాడింది సీఆర్ఎస్-ఆర్ అనే స్కేలు, ఎరుక ఎంత ఉందో 23 మార్కులకి కొలిచే పరీక్ష. ఒక్కసారి చూసి వదిలేయకూడదు, కొద్ది రోజుల తేడాలో కనీసం ఐదుసార్లు చేయాలి. జ్వరమో యూరిన్ ఇన్ఫెక్షనో ఉన్న రోజు మావాడి మార్కులు ఢామ్మని పడిపోయేవి. మిమ్మల్ని ప్యాకేజీ తీసుకోమన్నవాళ్ళని "మా నాన్న స్కోరెంత?" అని అడిగి చూడండి. నీళ్ళు నమిలితే అక్కడి నుంచి వచ్చేయండి.

స్కోరుకీ కరెంటుకీ సంబంధం ఏమిటంటే, 2014లో బెల్జియంలోనే లీజ్ నగరంలో 55 మందికి టీడీసీఎస్ చేశారు, అంటే తల పైనుంచి మెదడుకి సన్నటి కరెంటు పంపడం. ఎడమ నుదుటి పైభాగాన తడి స్పాంజి పెట్టి 20 నిమిషాలు 2 మిల్లీయాంపుల కరెంటు. మినిమల్లీ కాన్షస్‌లో ఉన్న 30 మందిలో 13 మందికి మార్పు కనబడింది. వెజిటేటివ్‌లో ఉన్న 25 మందిలో ఇద్దరికే. ఆ మార్పు కూడా నిలిచింది కాదు. ఆ కరెంటు చచ్చిన కణాలని లేపదు, మిగిలినవి కాస్త తేలిగ్గా స్పందించేలా చేస్తుంది. మిగిలినవి ఎన్ని అన్నదే అసలు ప్రశ్న.

యూట్యూబ్‌లో తిరిగే "అద్భుతాలు" వేరే రకం. 2007లో అమెరికాలో దెబ్బ తగిలి ఆరేళ్ళు గడిచిన 38 ఏళ్ళ మనిషికి మెదడు లోపల థాలమస్ అనే భాగంలో ఎలక్ట్రోడ్లు (కరెంటు తీగలు) పెడితే, మాటలు వచ్చాయి, నోటితో తినగలిగాడు. అదీ మెదడు ఆపరేషనే. పైగా ఆయన అప్పటికే మినిమల్లీ కాన్షస్.

మేం హైదరాబాద్‌లో 20 సిట్టింగులు టీడీసీఎస్ చేయించాం. షాక్ పెడతారేమోనని అమ్మ మొదటిరోజు గదిలోకే రాలేదు. షాకూ లేదు, ఏమీ లేదు, స్పాంజి ఆరిపోతే కింద చర్మం ఎర్రబడేది. మూడో వారంలో "బొటనవేలు ఎత్తరా" అంటే ఎత్తాడు, రోజుకి ఒకటి రెండుసార్లు. కానీ అదే నెలలో నిద్రమత్తు తెచ్చే ఫిట్స్ మందు తగ్గించారు, అమంటడిన్ మాత్రలు కూడా మొదలెట్టారు. ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి. తలకి దెబ్బ తగిలినవాళ్ళలో కొంతమంది మొదటి ఏడాదిలో వాళ్ళంతట వాళ్ళే కోలుకుంటూ ఉంటారు కూడా. ప్యాకేజీవాళ్ళు ఆ మార్పుని తమ ఖాతాలో వేసుకుంటారు, అది గుర్తుంచుకోండి.

అమంటడిన్ పార్కిన్సన్స్‌కి వాడే పాత మందే. 2012లో 184 మంది మీద జరిగిన ట్రయల్‌లో, వాడిన నాలుగు వారాలూ కోలుకోవడం వేగంగా సాగిందని తేలింది. అందులో దెబ్బ తగిలిన 4 నుంచి 16 వారాల మధ్య ఉన్నవాళ్ళనే తీసుకున్నారు, మీ నాన్నగారికి ఐదు నెలలైంది. అయినా న్యూరాలజిస్టుని అడగండి, ఫిట్స్ ఉంటే ఆ మాట ముందే చెప్పండి. తలలో నీరు చేరిందేమో సీటీలో చూడమనండి. మగతనిచ్చే మందులు ఏమేం వాడుతున్నారో చీటీ ముందు పెట్టి అడగండి.

ఇప్పుడు మావాడు మెత్తగా పిసికిన పెరుగన్నం నోటితో తింటున్నాడు. అవునంటే బొటనవేలు, కాదంటే కళ్ళు మూసుకుంటాడు. మాట రాలేదు.

నాన్నగారికి పుర్రె ఎముక తీసి ఉంచారా, లోపల ప్లేటు వేశారా, ఫిట్స్ వచ్చాయా? ఈ మూడూ రాయండి, ఇవి ఉంటే కరెంటు పెట్టే ముందు ఇంకా జాగ్రత్తపడాలి. అద్దం మాత్రం రేపు పొద్దున, స్నానం చేయించి మెలకువగా ఉన్నప్పుడు పట్టి చూడండి.