సైడ్ ఇమేజింగ్ తెర మీద చేపను కాదు, దాని నీడను వెతకండి

"సైడ్ ఇమేజింగ్ సోనార్ కొన్నాను. తెర నిండా గోధుమరంగు మరకలే తప్ప చేపలు కనిపించడం లేదు. ఏది చేపో, ఏది రాయో ఎలా గుర్తుపట్టాలి?" అని మీరు అడిగారు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌లో ఉంటూ, పక్కనే ఉన్న లేక్ లేనియర్‌లో ఏళ్ల తరబడి గాలం వేస్తున్నవాడిగా జవాబు రాస్తున్నాను. ఈ పరికరం పడవకు రెండు పక్కలా నీటిలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనులతో అడుగునేల బొమ్మను తెర మీద గీస్తుంది. కొత్తగా కొన్నవారందరూ తెల్లటి చుక్కల కోసం వెతుకుతారు. వాటిని కాసేపు పక్కన పెట్టి, ముందు నల్లటి నీడలను చదవడం నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

తెర నడుమ నిలువుగా కనిపించే చీకటి పట్టీ పడవ కింద ఉన్న నీరు. ఆ పట్టీ అంచున వెలుగు మొదలైన చోట అడుగునేల మొదలవుతుంది. రాయి, గులక, గట్టి నేల తెల్లగా మెరుస్తాయి. బురద, ఒండ్రు మసకగా ఉంటాయి. శబ్దం పడవ నుంచి రెండు పక్కలకూ ఏటవాలుగా పోతుంది కనుక, రాత్రిపూట పొలం గట్టు మీద లాంతరు పెడితే చిన్న మట్టిగడ్డకు కూడా నీడ సాగినట్టే, నేల నుంచి లేచిన ప్రతి వస్తువు వెనకా శబ్దం అందని నల్లటి చోటు మిగులుతుంది. తెల్లటి గులక నేల మీద చేప తాలూకు తెల్ల చుక్క కలిసిపోయి కనిపించకపోవచ్చు గానీ, దాని నీడ మాత్రం అదే తెల్లదనం మీద స్పష్టంగా తెలుస్తుంది.

కిందటి ఫిబ్రవరిలో ఒక ఉదయం, కొత్తగా పడవ కొన్న ఒక మిత్రుడితో కలిసి చెస్టటీ నది పాయలో, నీటిలోకి పొడుచుకొచ్చిన ఒక గుట్ట అంచు వెంట వెళ్తున్నాను. లోతు 30 అడుగులు. ఒక్కో పక్క 80 అడుగుల దూరం కనిపించేలా తెరను పెట్టుకున్నాం. కుడి పక్కన తెల్లటి చుక్కల గుంపు ఒకటి రాగానే అతడు ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"అన్నా, ఆపండి, గుంపంతా ఇక్కడే ఉంది!"

"ఆగు తమ్ముడూ. నీడలు చూడు. ఒక్కదానికైనా చుక్కకూ నీడకూ మధ్య సందు ఉందా?"

లేదు. ప్రతి చుక్క వెనకా నీడ అంటుకునే ఉంది. నేలకు పైన తేలే చేపకైతే నీడ దానికి ఎడంగా పడుతుంది. నేలను అంటిపెట్టుకున్న చేపకు కూడా నీడ అలాగే పడుతుంది కాబట్టి, పడవను వెనక్కి తిప్పి మళ్లీ అదే దారిలో నడిపించాను. ఒక్క చుక్కా జరగలేదు. అవి ఎప్పుడో నరికేసిన చెట్ల మోళ్లు.

అసలు సంగతి ఎడమ పక్కన ఉంది. 50 అడుగుల దగ్గర చేపలు చేరాలని ఎవరో ముంచిన కంప కుప్ప ఒకటి చిందరవందరగా మెరుస్తోంది. దాని నీడ 60 అడుగుల దగ్గర ఆగిపోయింది. కుప్పకు కాస్త ఇవతల, 44 అడుగుల దగ్గర, గమనించకపోతే జారిపోయేంత సన్నటి తెల్ల గీతలు నాలుగైదు ఉన్నాయి. వాటి నీడలు మాత్రం చాలా దూరంగా, కుప్ప నీడను కూడా దాటి 66 అడుగుల దగ్గర పడ్డాయి. నేల సమతలంగా ఉన్న చోట లెక్క సులువు: వస్తువు దూరాన్ని దాని నీడ చివరి దూరంతో భాగించి, నీటి లోతుతో గుణిస్తే ఆ వస్తువు ఎంత లోతులో ఉందో వస్తుంది. కుప్ప కొస 25 అడుగుల లోతున ఉంది, అంటే కంప ఎత్తు 5 అడుగులు. చేపలు 20 అడుగుల లోతున, కుప్ప కొసకు మరో 5 అడుగులు పైన తేలుతున్నాయి. తెర చూపేది పడవ నుంచి ఏటవాలు దూరం కాబట్టి అవి కుప్పకు ఎడంగా ఉన్నట్టు కనిపించాయి గానీ, నిజానికి దాదాపు దాని నెత్తి మీదే ఉన్నాయి. ఎరను నేలకు దించకుండా 18 అడుగుల దగ్గర ఆపమన్నాను. మిత్రుడి గాలానికి మంచి స్పాటెడ్ బాస్ పడింది. నేల దాకా దించి ఉంటే ఆ ఎర వాటి కంట పడేదే కాదని నా నమ్మకం.

తెర మీద చేప బొమ్మలు గీసి చూపే సదుపాయం ఉంటే దాన్ని వెంటనే ఆపేయండి. కొమ్మకూ, నీటి బుడగలకూ కూడా చేప బొమ్మ గీసి, మనం నేర్చుకోవలసిన చదువును అది మన చేతిలోంచి లాగేసుకుంటుంది. ఇంకో బాధ, శబ్దాన్ని పంపి తిరిగి అందుకునే భాగమైన ట్రాన్స్‌డ్యూసర్ బిగించేవారితో. మా మిత్రుడి పడవకు దాన్ని మోటారు కాలుకు మరీ దగ్గరగా బిగించి ఇచ్చారు. ఒక పక్క చూపులో సగం మోటారు అడ్డమే. రెండు పక్కలా దారి ఖాళీగా ఉందో లేదో చూడకుండా అన్ని వేల రూకల పరికరాన్ని బిగించి డబ్బు తీసుకోవడం నాకు ఎంతమాత్రం నచ్చదు. పడవను గంటకు 3 నుంచి 5 మైళ్ల వేగంతో తిన్నగా నడపండి. మలుపు తిరిగేటప్పుడు వచ్చే చిత్రం సాగిపోయి, నలిగిపోయి ఉంటుంది. దాన్ని చూసి ఏ నిర్ణయమూ చేయవద్దు. వేసవి శనివారాల్లో పెద్ద పడవలు లేపే అలలకు మంచి నేల కూడా వంకరలు పోయి కనిపిస్తుంది. అందుకే ఈ చదువుకు చలికాలపు ఉదయాలే సరైనవి. వెతకడానికి దూరం చేరే 455 కిలోహెర్ట్జ్ వాడి, కుప్ప దొరికాక దగ్గరికి వెళ్లి 800 కిలోహెర్ట్జ్ లేదా 1.2 మెగాహెర్ట్జ్‌కు మారండి.

ఇప్పుడు చాలామంది 2018లో వచ్చిన లైవ్‌స్కోప్ లాంటి ముందుచూపు సోనార్ల వెంట పడుతున్నారు. చేప కదలికను అప్పటికప్పుడు చూపడంలో వాటికి సాటి లేదు, కాదనను. కానీ ఏ చోటికి వెళ్లాలో తెలియనివాడికి అవి చూపేది తన ముందున్న కాస్త నీరే. 1956లో బ్యూఫోర్డ్ డ్యామ్ పూర్తయ్యాక నిండిన ఈ జలాశయం కింద పొలాలు, రోడ్లు, వాగులు ఉన్నాయి. లూపర్ స్పీడ్‌వే అనే కార్ల పందేల మైదానం కూడా మునిగింది, 2007 కరవులో నీరు దిగినప్పుడు దాని ప్రేక్షకుల మెట్లు బయటపడ్డాయి. ఇంత నేలను గాలించడానికి సైడ్ ఇమేజింగ్‌ను మించిన పరికరం లేదు. పాత రోడ్డు వాగు గర్భాన్ని దాటే చోటు ఒక్కటి దొరికితే, అక్కడి చేపలు మీకు ఏళ్ల తరబడి అక్కరకు వస్తాయి.

చేపల కోసం బయలుదేరే ముందు, మీ దగ్గరలో ఏదైనా వంతెన ఉంటే దాని స్తంభాల పక్కగా నాలుగు సార్లు పడవ నడపండి. నేను బ్రౌన్స్ బ్రిడ్జ్ దగ్గర అలాగే నేర్చుకున్నాను. నీటి పైకి లేచిన స్తంభం నీడ తెర అంచు వరకూ ఆగకుండా సాగుతుంది. నీటిలో మునిగిన మోడు నీడ మధ్యలోనే తెగిపోతుంది. ఆ తేడా కంటికి అలవాటయ్యాక కంప కుప్పల దగ్గరికి వెళ్లండి.