ఊద్ నేర్చుకోనివ్వండి, వయొలిన్ మాత్రం మాన్పించకండి

ప్రశ్న: చాలా ఏళ్లుగా అబుదాబిలో ఉంటున్నాం. మా అబ్బాయి పన్నెండో తరగతి. చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాడు, వర్ణాలూ కృతులూ బాగానే వాయిస్తాడు. రెండేళ్ల క్రితం ఊద్ అనే అరబ్ తీగవాద్యం మీద మోజు పుట్టి ఒక ఇరాకీ మాస్టారి దగ్గర చేరాడు. నోటేషన్ చూసి సమాయీలు (ముందే కూర్చిన వాద్య రచనలు) వాయిస్తున్నాడు గానీ, మాస్టారు ‘తక్సీమ్ చెయ్’ అనగానే చెయ్యి ఆగిపోతోందట. అయినా ఇంజినీరింగ్ వద్దు, ఊదే నా కెరీర్ అంటున్నాడు. వయొలిన్ మానేశాడు కూడా. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఓ తండ్రి, అబుదాబి

జవాబు: ఇంజినీరింగా, ఊదా అన్న పంచాయితీని కాసేపు పక్కన పెట్టండి. మీరు రాసినదాంట్లో నాకు ఎక్కువ కంగారు పుట్టించింది వయొలిన్ మానేశాడన్న మాట. పెద్ద అరబిక్ బృందాల్లో వయొలిన్ వాళ్లు వరసగా కూర్చుంటారు, ఊద్ వాయించేది సాధారణంగా ఒక్కరే. ప్రఖ్యాత ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్ వెనక ఉన్న బృందంలోనూ అంతే. ఆ ఊద్ కుర్చీలో మహమ్మద్ అల్ ఖసబ్జీ 1966లో చనిపోయేదాకా ఉన్నారు. అలాంటి చోట కొత్తవాడికి ఖాళీ ఎప్పుడు దొరుకుతుందో మీరే ఊహించుకోండి. పైగా అరబ్ వయొలిన్‌ని సోల్-రే-సోల్-రే అని శ్రుతి చేస్తారు. అంటే తీగల మధ్య దూరాలు మన స-ప-స-ప లెక్కే! మీవాడి వేళ్లు సగం దారి ఇప్పటికే నడిచేశాయి.

ఇక తక్సీమ్. ఒక మఖామ్‌ని (మన రాగం లాంటిది) సాధారణంగా తాళం లేకుండా అప్పటికప్పుడు విస్తరించడమే తక్సీమ్. మన ఆలాపనకు దగ్గర చుట్టం. ‘మనసుకు తోచింది వాయించు’ అని పిల్లలు అనుకుంటారు, అక్కడే బిగుసుకుపోతారు. తోచడానికి లోపల సరుకుండాలి కదా. వర్ణం చూసి వాయించగలిగినవాడు కల్పనస్వరం దగ్గర తడబడటం మనకు తెలియని విషయమేం కాదు. ఇదీ అదే జబ్బు, మందూ ఉంది.

అయితే కర్ణాటక సంగీతం వచ్చినవాడికి రెండు చిక్కులున్నాయి. మొదటిది స్వరస్థానాలది. రాస్త్ అనే మఖామ్‌లో గాంధారం మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్యలో ఉంటుంది, నిషాదమూ అలాగే రెండింటికీ నడుమ. మిగతావి ఖరహరప్రియ, శంకరాభరణాల్లో ఉన్నవే. ఊద్‌కి మెట్లు లేవు, చెవే దిక్కు. ఆ మధ్య స్వరం ఈజిప్టులో ఒకచోట, టర్కీలో కాస్త ఎత్తున పలుకుతుంది. కాబట్టి ట్యూనర్ యాప్ పెట్టుకుని సాధన చేయడం కన్నా ఒకే గురువు స్వరాన్ని పాడి పట్టుకోవడం మంచిది. తెలిసిన స్వరాలున్న మఖామ్‌లు ఇంకా ప్రమాదం. కుర్ద్ స్వరాలు హనుమతోడివే, హిజాజ్‌కార్‌వి మాయామాళవగౌళవే. అలవాటుగా ఒక్క గమకం వేశాడంటే కుర్ద్ కాస్తా తోడి అయిపోతుంది.

రెండో చిక్కు నడక. కాంభోజి ఆలాపన మొదలుపెడితే చివరిదాకా కాంభోజే. తక్సీమ్‌లో బయాతీ అనే మఖామ్‌తో మొదలుపెట్టి, నాలుగో స్వరం మీద నిలబడి, అక్కణ్నుంచి హిజాజ్‌లోకి మళ్లి, తిరిగి బయాతీలోకే వచ్చి ముగించవచ్చు. మూడు నాలుగు స్వరాల చిన్న చిన్న ముక్కలు, వాటిని జిన్స్ అంటారు, ఒకదానికొకటి ఎక్కడ అతుకుతాయో తెలిస్తేనే ఈ మలుపులు వస్తాయి. ప్రతి మలుపుకీ ఖఫ్లా అనే ముగింపు ఉంటుంది. అది సరిగ్గా పడితే వినేవాళ్లు ‘అల్లా’ అంటారు, మన కచేరీలో ‘భళా’ అన్నట్టు.

మీవాడికి నేను చెప్పే సాధన ఇది. నోటేషన్ మూసేసి ఒక్క బయాతీ పట్టుకోమనండి, కొన్ని నెలలు అదే. మొదట్లో కింది నాలుగు స్వరాలు దాటకుండా రెండు నిమిషాలు వాయించి, ఖఫ్లా వేసి ఆపాలి. పాత 78 ఆర్‌పీఎం రికార్డుల్లో ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది కాబట్టి ఆ కాలపు విద్వాంసులు ఆ కాస్తలోనే తక్సీమ్ మొత్తం చెప్పేసేవారు. ఖసబ్జీ ఊద్ తక్సీమ్‌లు, సామీ అల్ షవా వయొలిన్ తక్సీమ్‌లు అలాంటివే. ఒకటి ఎంచుకుని ముందు గొంతుతో పాడాలి, తర్వాత వాయించాలి, ఆపైన అందులోని ఖఫ్లాలను వేరే స్వరాల మీద వేసి చూడాలి. ఇంకో దారి కూడా ఉంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. మవ్వాల్ అనే అరబ్ గానాన్ని తాళం లేకుండా పాడేటప్పుడు గాయకుడు ఒక పంక్తి పాడి ఆగితే వాద్యం దాన్ని తిరిగి చెబుతుంది. మన దగ్గర పక్కవాద్యం వయొలిన్ చేసేది అదే! గాయకుణ్ని అనుసరించడం వచ్చినవాడికి సొంతంగా మాట్లాడటం తొందరగా వస్తుంది.

ఇరాకీ మాస్టారంటున్నారు కాబట్టి ఆ దేశపు ఊద్ విద్వాంసుడు మునీర్ బషీర్ పేరు మీ ఇంట్లో వినపడే ఉంటుంది. ఆయన (1930–1997) తక్సీమ్‌నే పూర్తి సోలో కచేరీగా నిలబెట్టారు. కుర్రాళ్ల కల అదే. బతుకుతెరువు మాత్రం ఎక్కువగా పాఠాలు చెప్పడం, పెళ్లిళ్లు, హోటళ్లు, రికార్డింగులు. అక్కడ ‘ఏ పాటలు వచ్చు’ అని అడుగుతారు. తక్సీమ్ అంటే పాటకు ముందు మఖామ్‌ని నిలబెట్టే ఒకటి రెండు నిమిషాలు. కనుక పాటలు కంఠతా రావాలి, వాటి కోసం అరబ్బీ భాషా రావాలి.

గల్ఫ్‌లోని మనవాళ్లు చాలామంది ఇంటర్ కాగానే పిల్లల్ని ఇంజినీరింగ్‌కి హైదరాబాద్ పంపేస్తారు. మీరు ఆ పని చేయకండి. మాస్టారూ, ఈ సంగీతం వినే చెవులూ ఉన్నది అబుదాబిలో. ఐఐటీ ఢిల్లీ అబుదాబి క్యాంపస్‌లో 2024 నుంచి బీటెక్ ఉంది, దుబాయ్‌లో బిట్స్ పిలానీ ఉంది. సంగీతమే చదువుతానంటే న్యూయార్క్ యూనివర్సిటీ (ఎన్‌వైయూ) అబుదాబిలో మ్యూజిక్ మేజర్ ఉంది, సీటు మాత్రం కష్టం. ఇరాకీ ఊద్ విద్వాంసుడు నసీర్ షమ్మా ఆధ్వర్యంలో 2008లో మొదలైన ఊద్ శిక్షణ సంస్థ బైత్ అల్ ఊద్ మీ ఊళ్లోనే ఉంది. కాలేజీతో పాటు అక్కడ చేరే వీలుందేమో వెళ్లి కనుక్కోండి. వీసా సంగతి కూడా చూసుకోవాలి. యూఏఈలో పెళ్లికాని కొడుకుని తండ్రి 25 ఏళ్ల వరకే స్పాన్సర్ చేయగలడు. అప్పటికి చేతిలో డిగ్రీ ఉంటే ఏదో ఒక ఉద్యోగ వీసా మీద నిలబడి సంగీతం కొనసాగించవచ్చు. అందుకే డిగ్రీ మానేస్తానంటే నేను ఒప్పుకోను.

మాస్టారిని ఒకసారి మీరే కలవండి. బయాతీ, రాస్త్ తక్సీమ్‌లు కాగితం లేకుండా, గాయకుడి పక్కన కూర్చుని వాయించే స్థాయికి ఎప్పటికి వస్తాడని సూటిగా అడగండి. ఆయన చెప్పిన గడువు మీవాడి ఎదుటే రాసుకోండి. డిగ్రీ రెండో ఏడు ముగిసేసరికి ఆ స్థాయికి వస్తే సంగీతానికి ఎక్కువ సమయం ఇచ్చే విషయం మళ్లీ కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఈలోగా అదే బయాతీని వయొలిన్ మీదా వాయించమనండి.