జావాస్క్రిప్ట్‌లో ధరతో సార్ట్ చేస్తే 100 ముందు, 25 తర్వాత ఎందుకు వస్తోంది

మీ ఆబ్జెక్టుల్లో ప్రైస్ విలువలు నంబర్లుగా కాక స్ట్రింగ్‌లుగా, అంటే అక్షరాల వరసలుగా ఉన్నాయండి. జావాస్క్రిప్ట్ వాటిని అక్షరాలుగానే పోలుస్తుంది: ‘1’ కన్నా ‘2’ పెద్దది, అక్కడితో తేలిపోయింది, మిగతా అంకెల దాకా వెళ్లదు. పైగా ఏ, బి అనే రెండు ఆబ్జెక్టుల్లో ఏది ముందో సార్ట్‌కు చెప్పే మీ కంపేర్ ఫంక్షన్ ఏ.ప్రైస్ > బి.ప్రైస్ అని ట్రూ, ఫాల్స్ ఇస్తోంది. సార్ట్‌కు కావలసింది ఒక సంఖ్య: నెగటివ్, సున్నా లేదా పాజిటివ్. ఫాల్స్ ఇస్తే దాన్ని సున్నాగా, అంటే రెండూ సమానమని తీసుకుంటుంది.

దాని బదులు ఏ.ప్రైస్ - బి.ప్రైస్ రిటర్న్ చేయండి. తీసివేత గుర్తు స్ట్రింగ్‌లను తనే నంబర్లుగా మార్చుకుంటుంది. కానీ ‘1,250’లా మధ్యలో కామా ఉంటే ఫలితం నాన్ (NaN, అంటే ‘నంబర్ కాదు’) అయ్యి వరస చెడిపోతుంది, కామాలు ముందే తీసేయండి. ఇది తప్పకుండా చూసుకోండి, ఎర్రర్ కూడా రాదు.

సార్ట్ అసలు అర్రేనే, అంటే మీ జాబితానే మార్చేస్తుంది. పాత వరస కూడా అలాగే ఉండాలంటే జావాస్క్రిప్ట్ 2023 ప్రమాణంలో వచ్చిన టుసార్టెడ్ వాడండి.