ఆ మాటలు నిజంగానే అన్నారా?

ప్రశ్న: రాజ్యాంగ రచన మీద శ్యామ్ బెనగల్ తీసిన ‘సంవిధాన్’ మా మనవడితో కలిసి చూస్తున్నాను. సీను సీనుకీ ఆపేసి, “అమ్మమ్మా, నిజంగా ఇలాగే అన్నారా?” అంటాడు. ఏం చెప్పను?
– ఓ అమ్మమ్మ, పెరంబూరు, చెన్నై

జవాబు: రిమోట్ వాడి చేతిలోనే ఉండనివ్వండమ్మా, మంచి ప్రశ్నే. 2014లో రాజ్యసభ టీవీలో పది భాగాలుగా వచ్చిందది. సభలో ప్రసంగాలకు ఆధారం ఉంది. 1946 డిసెంబర్ 9న మొదలైన రాజ్యాంగ సభ చర్చలన్నీ అచ్చయ్యాయి. తలుపేసుకుని ఇద్దరు గుసగుసలాడే సీనైతే చాలావరకు రచయిత ఊహే అనుకోండి. వెనక వీణ మొదలైతే నాకు అనుమానం మరీ ఎక్కువ. 1990లో వచ్చిన టిప్పు సుల్తాన్ సీరియల్‌కైతే ‘ఇది కల్పన’ అని ప్రకటన వేయక తప్పలేదు.

ఒక ఆదివారం వాణ్ణి మైలాపూరులో, రాయపేట హైరోడ్డు మీది ఇంటికి తీసుకెళ్లండి. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబర్ 19 నుంచి 58 రోజులు దీక్ష చేసి, డిసెంబర్ 15 రాత్రి కన్నుమూసింది అక్కడే. ఒంట్లో ఓపిక సన్నగిల్లిన ఆ చివరి రోజులకు డైలాగులు ఎలా రాస్తావురా అని ఈసారి మీరే వాణ్ణి అడగండి.